ఎడమ పక్క బ్రేకు

ఐపీ నోటీసు పేపర్లో పడినందుకు మిఠాయి డబ్బా పట్టుకొచ్చిన మనిషిని నా ఉద్యోగంలో ఒక్కణ్నే చూశాను.

కొత్తగా ఈ విలేకరి వృత్తిలోకి వచ్చినవాళ్ల కోసం కొంచెం వివరం. అప్పులు తీర్చే దారి లేదని కోర్టుకు చెప్పుకుని దివాలా పిటిషన్ వేయడాన్ని మనవైపు ఐపీ పెట్టడం అంటారు. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా పేపర్లో ప్రకటన వేయించాలి. నేను సికింద్రాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక బ్రాంచి ఆఫీసులో పనిచేసేవాణ్ని. కింద ప్రకటనల కౌంటరు, పైన మేము. ఐపీ ప్రకటన ఇవ్వడానికి వచ్చేవాళ్లు కరోనా పోయాక కూడా మాస్కు పెట్టుకునే వచ్చేవాళ్లు. "అక్షరాలు ఇంకా చిన్నగా రావా మేడమ్?" అని అడిగేవాళ్లు. ఒకాయనైతే, "ఆదివారం మాత్రం వద్దమ్మా, మా వియ్యంకుడు ఆదివారం పేపరు ప్రకటనలతో సహా చదువుతాడు" అని బతిమాలుకున్నాడు. కౌంటరులో ఉండే ఆవిడ అనుభవం ఉన్న మనిషి. అలాంటివాళ్లకు ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత రేటు చెప్పేది.

ఈ మనిషి మాత్రం మెట్లెక్కి నేరుగా పైకే వచ్చాడు, డబ్బా మూత అప్పటికే తీసి ఉంది. మారేడ్‌పల్లిలో డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. ఆయన పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అందరికీ ఉస్తాదే.

"తీసుకోండ్రి సార్. మీ పేపర్ల పడ్డంకనే జడ్జి సాబ్ కలం కదిలింది. అప్పులన్నీ సాఫ్!"

ఆయన కథ చిన్నదే. ఉన్న ఒక్క స్కూలు బాగా నడుస్తుంటే, కాప్రాలో రెండోది తెరిచాడు. టీవీ ముందు కూర్చుని స్టీరింగ్ తిప్పే ఒక యంత్రం అప్పు చేసి కొన్నాడు. దాని మీద ఆడుకోవడానికి చుట్టుపక్కల పిల్లలంతా వచ్చారు, నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ఐపీ పెట్టాడు. కోర్టు నియమించిన రిసీవరు కాప్రా సామానంతా తీసుకుపోయి అమ్మి, వచ్చింది అప్పులవాళ్లకు పంచాడు. కొన్నేళ్లు తిరిగాక కోర్టు ఆయనను బాకీల నుంచి విడుదల చేసింది. ఆ ఉత్తర్వుకు ఫ్రేము కట్టించి, స్కూల్లో ట్రాఫిక్ గుర్తుల చార్టు పక్కన వేలాడదీశాడు. ఒక నకలు లామినేషన్ చేయించి కార్లో ముందు అద్దం దగ్గర పెట్టుకున్నాడు.

మా కోర్టు రిపోర్టరు ఒక లడ్డూ తీసుకుని సగం కొరికాడు. "ఉస్తాద్, మరి కారు మీద ఫైనాన్స్ ఉండెనా?"

"ఉండె సార్. ఇప్పుడు పోయింది గద."

"పోలేదు."

ఉస్తాద్ డబ్బా మూత పెట్టేశాడు.

"చూడు ఉస్తాద్, అప్పు తాడు రెండు చోట్ల కడతరు. ఒకటి నీ మెడకు, ఇంకోటి కారు చక్రానికి. కోర్టు నీ మెడ తాడు ఇప్పింది. చక్రం తాడు అట్లనే ఉంది. నీ ఆర్సీ తీసి చూడు, ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంటది."

"గట్లెట్ల సార్? రిసీవర్ సాబ్ అన్నీ పట్టుకపోయిండు. కారు ఒక్కటి నాకిడిసిండు."

"నీకు కాదు, వాళ్లకిడిసిండు. ముందే ఇంకొకరి హక్కులో ఉన్నదాన్ని ఆయన అమ్మి ఎవరికి పంచుతడు?"

"లడ్డు తినుకుంట చెప్పే మాటేనా సార్ ఇది?" అని ఉస్తాద్ లేచి పోయాడు. నమ్మలేదు. అయితే ఇంటికి పోయి ఆర్సీ తీసి చూసుకున్నాడు. బండి అప్పు కింద ఉందని చెప్పే హెచ్‌పీ అనే అక్షరాలు, వాటి పక్కన కంపెనీ పేరు భద్రంగా ఉన్నాయి. దాన్ని కొట్టేయించాలంటే కంపెనీ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, ఎన్‌వోసీ, తేవాలని ఆర్టీఏ ఏజెంటు ఒకతను చెప్పాడు.

ఇక్కడే ఉస్తాద్ చేసిన పని చూడండి. ఆ కంపెనీ బ్రాంచి చేతులు మారి, చోటు మారి, ఉస్తాద్ సంగతే మరిచిపోయి ఉంది. ఈయన ఇంకో డబ్బా మిఠాయి కొనుక్కుని, ఎన్‌వోసీ ఇమ్మని అడగడానికి తనంతట తానే వెళ్లాడు. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టారు. మిఠాయి తిన్నారు. తింటూ ఆయన కొత్త చిరునామా, ఫోన్ నంబరు, కారు ఎక్కడ నిలబెడతాడో అన్నీ రాసుకున్నారు. "మీ కోసమే వెతుకుతున్నాం సార్" అన్నారట.

ఆ వారంలోనే సీజింగ్ వాళ్లు, అంటే బాకీ పడ్డ బండ్లను కంపెనీ తరఫున గుంజుకుపోయేవాళ్లు, తిరగడం మొదలైంది.

ఇదంతా నాకు వార్తగా కాక సొంత తలనొప్పిగా తెలియడానికి కారణం ఉంది. నేను రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాను. ఆఫీసు బండి ఇంటి దగ్గర దింపే రోజులు అయిపోవస్తున్నాయని, ఉస్తాద్ దగ్గర పొద్దుటి బ్యాచ్‌లో చేరాను. ఆ బ్యాచ్‌లో నాతోపాటు మారేడ్‌పల్లిలోనే ఉండే ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు. ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక కూర్చుని చూడాలి. ఉస్తాద్ ఎడమ సీట్లో.

సీజింగ్ వాళ్లు ఎప్పుడూ బైకు మీద ఇద్దరొస్తారు. బైకు మీద ఇద్దరు కనబడితే చాలు, ఉస్తాద్ "రివర్స్, రివర్స్!" అనేవాడు. మేము వెనక్కి పోయి ఏదో ఒక సందులో దూరేవాళ్లం. సికింద్రాబాద్‌లో పొద్దున బైకు మీద ఇద్దరు పోకుండా ఉంటారా? పాలవాళ్లు, కాలేజీ పిల్లలు, మొగుడూ పెళ్లాలు, అందరికీ మేము దారిచ్చాం. మాకు రివర్స్ గేరు వచ్చినంత బాగా మూడో గేరు రాలేదు.

ఒకరోజు కాప్రా చెరువు దగ్గర టీ తాగుతుంటే అడిగాను. "ఉస్తాద్, ఇదంతా ఎందుకు? కారు ఇచ్చేసి ఎక్కడన్నా డ్రైవరుగా చేరొచ్చు గదా. నీకు పని దొరక్కపోదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "దొరుకుతది సార్. మొన్న ఒక సేట్ బండి తోలిన, ఒక్కరోజు. ఇన్నేండ్లు ఎడమ పక్కకే కూసున్న. కుడి పక్కకు కూసుంటే పక్క సీటు ఖాళీగ కనబడ్డది. ఎవరికి చెప్పాలె, ఏం చెప్పాలె? సిగ్నల్ కాడ నాకు నేనే 'క్లచ్, క్లచ్' అనుకున్న. సేట్ భయపడి మల్ల రావొద్దన్నడు." గ్లాసు మళ్లీ చేతికి తీసుకుని, "ఈ బండి పోతే నేను ఉస్తాద్‌ను కాదు సార్. ఎవల్నో ఒకల్ని" అన్నాడు.

నేను ఆఫీసుకెళ్లి మా బ్యూరో చీఫ్‌కు ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన కళ్లు మెరిశాయి. "కోర్టు వదిలినా... కంపెనీ వదలదు!" అని శీర్షిక అక్కడికక్కడే కాగితం మీద రాసేశాడు. ఆయన దగ్గర శీర్షిక ముందు పుట్టేది, వార్త తర్వాత దాన్ని వెతుక్కుంటూ పోయేది.

"కంపెనీదే న్యాయం సార్, సగమన్నా" అన్నాడు కోర్టు రిపోర్టరు.

"సగం న్యాయం మిగతా పేపర్లవాళ్లు రాసుకుంటారు. బండి గుంజుకునే ఫోటో దొరుకుతుందా?"

దొరకలేదు గానీ, దొరికి ఉంటే ఆ ఫోటోలో నేనూ ఉండేవాణ్ని.

ఆ రోజు మౌలాలి కమాను దాటి వస్తున్నాం. హెడ్‌మిస్ట్రెస్ గారు నడుపుతున్నారు. ఆవిడ స్టీరింగ్ పట్టుకుంటే తరగతి గదిలో బెత్తం పట్టుకున్నట్టే ఉంటుంది, రోడ్డంతా నిశ్శబ్దంగా ఉండాలని ఆశిస్తారు. ఎదురుగా బైకు మీద ఇద్దరు. ఉస్తాద్ రివర్స్ అనేలోపే వెనక ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. బైకు వెనక కూర్చున్న లావుపాటి మనిషి దిగి, కారుకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు.

"అమ్మా, జెర దిగుండ్రి. బండి సీజ్."

"దిగను. ఇవాళ నాకు యూ టర్న్ క్లాసు."

"మేడమ్, ఈయన ఫైనాన్స్ కట్టలే."

"ఆయన కట్టలేదేమో. నేను ఫీజు కట్టాను."

ఉస్తాద్ లామినేషన్ కాగితం చూపించాడు. ఆ మనిషి తన ఫోన్లో కంపెనీ కాగితం చూపించాడు. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చదవలేదు. పక్కనున్న టీ కొట్టు నుంచి జనం లేచి వచ్చారు. జనాన్ని చూసి ఉస్తాద్ ఇంజను ఆపి తాళంచెవి తీసి ఇచ్చేశాడు, కిక్కురుమనకుండా. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు దిగి, వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు. క్లాసు టైము అయిపోయేదాకా కారు దిగనని చెప్పారు. ఉస్తాద్ ఎడమ సీట్లోంచి కదల్లేదు. లావుపాటి మనిషి మా ముగ్గురినీ చూసి, "కూసోండ్రి, నాకేంది. యార్డుల దింపుత" అని స్టార్ట్ చేశాడు. కారు బారెడు దూరం పోయి ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్ ఒక్కసారి ఇడువొద్దు తమ్మీ. పాల మీద మీగడ తీసినట్టు తియ్యాలె" అన్నాడు ఉస్తాద్.

మళ్లీ స్టార్ట్. మళ్లీ బారెడు. మళ్లీ ఆగింది. టీ కొట్టు జనంలోంచి ఒకాయన "పెట్రోలుందా?" అన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ అన్నాడు. ఇంకొకాయన బానెట్ తెరిచి, లోపలికి చూసి, మూసేశాడు. సీజింగ్ మనిషికి చెమటలు పట్టాయి.

"ఎన్ని బండ్లు గుంజుకచ్చిన! గిసొంటి బండి చూడలె."

"మొదట్ల అందరికీ గట్లనే అయితది. పరేషాన్ కాకు" అని ఉస్తాద్ ధైర్యం చెప్పాడు.

ఇంకొన్నిసార్లు ఇలాగే జరిగేది. కానీ జీవితమంతా పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి నా పక్కన ఉన్నారు. "ఉస్తాద్ గారూ, కాలు తీయండి" అన్నారు గట్టిగా.

సీజింగ్ మనిషి వంగి ఎడమ వైపు కిందికి చూశాడు. అక్కడ ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్. వాటి మీద ఉస్తాద్ చెప్పులు.

"ఏందిది? రెండు బ్రేకులా!"

"డ్రైవింగ్ స్కూల్ బండి గద భాయ్. మీద గంత పెద్ద బోర్డుంది, చదువలేదా?"

"నేను నంబర్ ప్లేటే చదువుత!"

జనం నవ్వారు. ఆ మనిషికి రోషం వచ్చి ఉస్తాద్ చెయ్యి పట్టుకుని "దిగు" అన్నాడు. వెనక నుంచి హెడ్‌మిస్ట్రెస్ గారు ముందుకు వంగారు.

"బాబూ, నీ లైసెన్సు ఏదీ?"

"మేడమ్?"

"నన్ను ఎక్కించుకుని నడుపుతున్నావు. లైసెన్సు చూపించు."

ఆ గొంతు వింటే నాకే జేబులు తడుముకోబుద్ధయింది. ఆయన పర్సులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివి, తిరిగిచ్చారు. "దీని గడువు ఎప్పుడో దాటిపోయింది."

"మందివి సీజ్ చేసుకుంట తిరుగుడే అయిపాయె మేడమ్. నాది రెన్యువల్ చేయించుకునే టైం యాడిది?"

ఈసారి జనంతోపాటు ఆయన కూడా నవ్వాడు. నవ్వాక మళ్లీ అరవడం కష్టం. నేను ఉస్తాద్ భుజం మీద చెయ్యి వేశాను. "ఎన్నాళ్లని రివర్స్‌లో తిరుగుతాం ఉస్తాద్?"

ఉస్తాద్ ఆ లామినేషన్ కాగితం వైపు చూశాడు, స్టీరింగ్ వైపు చూశాడు. కాళ్లు పెడళ్ల మీద నుంచి తీశాడు. "సరే పాండ్రి. ఆఫీసులనే తేల్చుకుందాం."

ఎవరు నడపాలి? ఉస్తాద్ నడిపితే బండి మళ్లీ మాయమైతదని సీజింగ్ మనిషి ఒప్పుకోలేదు. ఆయన నడిపితే హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకోలేదు. నేను నడుపుతానంటే ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి, ఎల్ బోర్డు ఉంది, ఎడమ పక్క ఉస్తాద్ ఉన్నాడు, తన దగ్గర లెర్నర్స్ లైసెన్సు ఉంది కాబట్టి ఆవిడే ముందుకొచ్చి కూర్చున్నారు. సీజింగ్ మనిషి నా పక్కన వెనక సీట్లో. ఆయన జోడీ బైకు మీద మా వెనక. స్వాధీనం చేసుకున్న బండిని ఇలా తీసుకుపోయిన సందర్భం ఇంకోటి నేను వినలేదు.

మౌలాలి నుంచి సికింద్రాబాద్ ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. ఆవిడ హారన్ కొట్టరు, అది అమర్యాద అని. రోడ్డు దాటుతున్న కోడి కోసం ఆగారు. కోడి మనసు మార్చుకుని వెనక్కి పోయేదాకా కూడా ఆగారు. తార్నాక సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే ఇంజను ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు, దాని వెనక లోకమంతా హారన్లు. "అంత తొందరైతే ఇంటి దగ్గరే ముందు బయల్దేరాలి" అని ఆవిడ అద్దంలోకి చూసి చెప్పారు. మెట్టుగూడ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు బండి కొంచెం కొంచెం వెనక్కి జారింది. పక్కనున్న మనిషి నా మోకాలు పట్టుకున్నాడు.

"మైసమ్మ తల్లీ! సార్, ఏదో కాలిన వాసనొస్తుంది."

"క్లచ్" అన్నాన్నేను.

"ఎప్పటిసంది వస్తుందిది?"

"కొన్నప్పటిసంది" అన్నాడు ఉస్తాద్ ముందు నుంచి.

ఫైనాన్స్ ఆఫీసు ముందు ఆగగానే ఆయన మొదట దిగి, మెట్ల మీద కూర్చుని, నీళ్ల బాటిల్ మొత్తం తాగాడు. లోపల బ్రాంచి మేనేజరు ఒక చిన్నమ్మాయి, పాతికేళ్లు దాటాయో లేదో. ఉస్తాద్ లామినేషన్ కాగితాన్ని అసలు చదివిన మొదటి మనిషి ఆవిడే. చదివి, పైవాళ్లకు ఫోన్ చేసి, నిజాయితీగా చెప్పింది. "సార్, కోర్టు ఆర్డరు ఉంది. బాకీ గురించి ఇక మిమ్మల్ని అడగం, అడగలేం. కానీ బండి మీద హక్కు మాదే. తీసుకుని అమ్ముకుంటాం. ఎంతొస్తే అంతే."

మా కోర్టు రిపోర్టరు లడ్డూ తింటూ చెప్పిన మాటే. చక్రం తాడు.

కారు విలువ కట్టే మనిషిని పంపారు. ఆయన ఒక చుట్టు తిరిగొచ్చి, "మేడమ్, ఈ బండి తిరిగిన దూరమంతా ఫస్ట్ గేర్లనే తిరిగినట్టుంది. ఎడమ పక్క పెడళ్లు పీకాలె, క్లచ్ మొత్తం మార్చాలె" అన్నాడు. అప్పుడు మెట్ల మీది నుంచి సీజింగ్ మనిషి లోపలికొచ్చాడు. చేతులు జోడించాడు. "మేడమ్, నామాట ఇనుండ్రి. ఈ బండి మనకొద్దు. నేను మౌలాలి నుంచి దీంట్లనే వచ్చిన."

ఆ అమ్మాయికి నవ్వాపుకోవడం కష్టమైంది. యార్డు అద్దె, వేలం ఖర్చు, పాడైన క్లచ్, అన్నీ లెక్కేసుకుంది. వేలంలో వచ్చేపాటి సొమ్ము ఉస్తాదే కడితే ఎన్‌వోసీ ఇచ్చేస్తామంది. పాత బాకీతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

ఉస్తాద్ ముఖం ఎర్రబడింది. "కోర్టు మాఫీ చేసినంక మల్ల కట్టుడేంది? ఒక్క రూపాయి కట్టినా జడ్జి సాబ్ మాట తప్పినట్టే గద!"

నేనే అన్నాను. "పాత అప్పు అనుకోకు ఉస్తాద్. అది పోయింది. ఇది నీ కారును నువ్వే కొనుక్కోవడం. ఇంత చవగ్గా నీకు ఎవరిస్తారు? పాడు చేసింది కూడా నీ దగ్గర నేర్చుకున్నవాళ్లమే."

ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. బయట హెడ్‌మిస్ట్రెస్ గారు కారును నీడలోకి జరుపుతున్నారు. ఒక్కరే. ఎడమ సీటు ఖాళీ. కారు మెల్లగా వెనక్కి వచ్చి, గోడకు జానెడు దూరంలో ఆగింది.

"చూసినవా సార్! మీగడ తీసినట్టు ఇడిసింది క్లచ్" అన్నాడు ఉస్తాద్. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "కడత బేటా. జెర టైమియ్యి" అన్నాడు.

టైము ఎక్కువ అక్కర్లేకపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు మారేడ్‌పల్లిలో ఉన్న తన పాత సహోద్యోగినులను, లెక్కల టీచరు నుంచి డ్రిల్లు టీచరు దాకా, వరసగా తెచ్చి చేర్పించారు. ఫీజు అందరూ ముందే కట్టారు. "ఈ వయసులో నేర్చుకోవడమేమిటి?" అని గొణిగినవాళ్లను, "ఈ వయసులో కాకపోతే ఎప్పుడు?" అని ఆవిడే కూర్చోబెట్టారు.

ఎన్‌వోసీ వచ్చింది, హెచ్‌పీ కొట్టేశారు. ఉస్తాద్ కొత్త ఆర్సీ పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కాడు. ఫైనాన్స్ కంపెనీ పేరు ఉండాల్సిన చోట వేలు పెట్టి, "చూడుండ్రి సార్, ఈడ ఏం లేదు!" అన్నాడు. మేమంతా ఆ ఖాళీని వంగి వంగి చూశాం.

మా చీఫ్ మాత్రం దిగులుపడ్డాడు. గూండాలు లేరు, దౌర్జన్యం లేదు, కంపెనీ మర్యాదగా ఉంది, బాధితుడు నవ్వుతున్నాడు. ఆయన శీర్షికకు తగిన వార్త దొరకలేదు. సింగిల్ కాలమ్ వార్త కూడా రాలేదు. ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో చాలావరకు నాకే గుర్తులేవు, రాయని ఇది మాత్రం ఇంత వివరంగా ఉంది. మీరు కూడా శీర్షిక కొంచెం ఆలస్యంగా పెట్టుకోండి. నష్టమేమీ ఉండదు.

తర్వాత కొన్నాళ్లకు నా డ్రైవింగ్ టెస్టుకు ముందు చివరి క్లాసు. నేను నడుపుతున్నాను, లెక్కల టీచరు వెనక కూర్చున్నారు. ఉస్తాద్ ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టాడు. ఒక అమ్మాయి గొంతు. అదే కంపెనీ, సిటీలోనే ఏదో కాల్ సెంటరు.

"సార్, మీ కారు మీద ప్రస్తుతం ఎలాంటి ఫైనాన్సూ లేదు కాబట్టి మీకు స్పెషల్ ఆఫర్ ఉంది. ఆర్సీ పెడితే చాలు, వెంటనే లోన్ ఇస్తాం సార్."

వెనక సీట్లో లెక్కల టీచరు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఉస్తాద్ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బేటా, నీకు కారు నడుపుడు వస్తదా?"

"...రాదు సార్."

"నేర్చుకోవాలని ఉందా?"

"ఉంది సార్." కొంచెం తటపటాయించి, గొంతు తగ్గించింది. "ఫీజు ఎంత సార్? వాయిదాల్లో కట్టొచ్చా?"

"వాయిదాలా?" ఉస్తాద్ సీటుకు వెనక్కి ఆనుకుని, కాళ్లు బార్లా చాపాడు. "మా దగ్గర గా దందా లేదు బేటా. మొత్తం ముందే కట్టాలె."